ఇంటిపెద్ద పాస్‌వర్డ్ పోయిన కథ: ఒక ఇంటి కంప్యూటర్ డైరీ

మొదటి రోజు

ఈ డైరీకి మూలం ఒక ప్రింటర్. కొత్త ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవర్, ఇన్‌స్టాల్ చేయబోతే ఇంటి కంప్యూటర్ ఎప్పటిలాగే తెరను మసకబరచి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. నోటుపుస్తకం తెరిచి, అందులో రాసిపెట్టుకున్నది చూసి టైపు చేశాను. యూజర్ నేమ్ గానీ పాస్‌వర్డ్ గానీ సరైనది కాదని సమాధానం వచ్చింది. క్యాప్స్ లాక్ చూశాను, కీబోర్డు భాష చూశాను, కంటి గుర్తు నొక్కి అక్షరాలు కనబడేలా చేసుకొని మళ్లీ టైపు చేశాను. పుస్తకంలో ఉన్నదానికీ తెరమీద ఉన్నదానికీ ఒక్క అక్షరం తేడా లేదు, అయినా తిరస్కరణ మాత్రం మారలేదు.

ఈ ఏర్పాటు నేను చేసుకున్నదే కాబట్టి దాని సంగతి ముందు రాసుకోవాలి. కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10 ప్రొ. దాదాపు రెండు నెలల క్రితం వరకూ నా రోజువారీ ఖాతాయే అడ్మినిస్ట్రేటర్ ఖాతా. అడ్మినిస్ట్రేటర్‌గా లోపలికి వచ్చినప్పటికీ, 2007లో వచ్చిన విస్టా నుంచి విండోస్ మామూలు పనులన్నిటినీ తగ్గించిన హక్కులతోనే నడుపుతుంది. పెద్ద పని వచ్చినప్పుడు అనుమతి అడుగుతుంది, మనం ‘అవును’ నొక్కితే పూర్తి హక్కులు ఇస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆ ‘అవును’ నొక్కడం వేలికి అలవాటైపోయి, దేనికి నొక్కుతున్నామో చదవడం మానేస్తాం. అందుకని నా ఖాతాను సామాన్య ఖాతాగా దించేసి, హక్కుల కోసం విడిగా మరో ఖాతా తయారుచేసి, దానికి ‘ఇంటిపెద్ద’ అని పేరు పెట్టాను. ఇక ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా ఇంటిపెద్ద పాస్‌వర్డ్ కావాలి. ఆలోచన మంచిదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అమలులోనే ఎక్కడో లోపం జరిగింది.

ఈ రోజుకు ఇంకేమీ చేయదలచుకోలేదు. కంగారులో నొక్కే మీటలు అసలు సమస్యకు కొత్త సమస్యలను జోడిస్తాయని గతంలో ఒక డిస్క్‌ను పూర్తిగా చెరిపేసుకొని తెలుసుకున్నవాణ్ణి.

రెండో రోజు

ఉన్నది ఏమిటో, పోయింది ఏమిటో ముందు లెక్క వేసుకోవాలని కూర్చున్నాను. సామాన్య ఖాతాకు మార్చే హక్కు లేకపోయినా చూసే హక్కు చాలావరకు ఉంటుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. ఆదేశాలు టైపు చేసే కిటికీ, అంటే కమాండ్ ప్రాంప్ట్, తెరిచి ‘నెట్ లోకల్‌గ్రూప్ అడ్మినిస్ట్రేటర్స్’ అనే ఆదేశం ఇస్తే ఆ గుంపులో రెండే పేర్లు కనబడ్డాయి. ఒకటి విండోస్‌తో పాటే పుట్టే ‘అడ్మినిస్ట్రేటర్’ అనే ఖాతా, రెండోది నా ఇంటిపెద్ద. మొదటిదాని వివరాలు ‘నెట్ యూజర్’ ఆదేశంతో అడిగితే అది పనిచేయడం లేదని, అంటే నిలిపివేసి ఉందని తేలింది. విస్టా నుంచి అది అలా నిలిపివేసిన స్థితిలోనే వస్తుంది కనుక ఆశ్చర్యం లేదు.

తరువాత ఇంటిపెద్ద వివరాలు అడిగాను. అసలు విషయం అక్కడ బయటపడింది. పాస్‌వర్డ్ చివరిసారి పెట్టిన తేదీ అన్న వరుసలో 18 రోజుల క్రితం నాటి తేదీ ఉంది. నోటుపుస్తకంలో నేను పాస్‌వర్డ్ రాసుకున్నది 61 రోజుల క్రితం. అంటే మధ్యలో ఆ పాస్‌వర్డ్ ఒకసారి మారింది, మార్చింది నేనే అయి ఉండాలి, మార్చినట్టు పుస్తకంలో రాయలేదు. అదే జాబితాలో పాస్‌వర్డ్ గడువు ఇంకో 24 రోజుల్లో ముగుస్తుందని కూడా ఉంది. 18కి 24 కలిపితే 42. ‘నెట్ అకౌంట్స్’ అని ఆదేశం ఇచ్చి చూస్తే పాస్‌వర్డ్ గరిష్ఠ వయస్సు 42 రోజులు అని స్పష్టంగా కనబడింది.

అప్పుడు మొత్తం గుర్తుకు వచ్చింది. సెట్టింగ్స్‌లో నాలుగు తెరలు దాటడం ఎందుకని ఇంటిపెద్ద ఖాతాను నేను కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్క వరుసతో తయారుచేశాను. అలా తయారుచేసిన ఖాతాకు ‘పాస్‌వర్డ్‌కు గడువు లేదు’ అన్న గుర్తు పడదు, కాబట్టి విండోస్‌లో ముందే ఉన్న 42 రోజుల నియమం దానికి వర్తిస్తుంది. 43వ రోజున ఏదో పనికోసం నేరుగా ఇంటిపెద్దగా లోపలికి వెళ్లబోతే, గడువు ముగిసింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి అని తెర అడ్డుపడింది. తొందరలో ఉన్నాను, ఏదో ఒకటి పెట్టేశాను, తరువాత రాసుకుందామనుకున్నాను. ఆ తరువాత అన్నది రాలేదు.

ఆ ఒక్క వరుస ఆదేశం ఇంకో రకంగా కూడా నన్ను దెబ్బతీసింది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి, సెట్టింగ్స్ ద్వారా స్థానిక ఖాతా తయారుచేస్తే మూడు భద్రతా ప్రశ్నలు అడిగి జవాబులు దాచుకుంటుంది. పాస్‌వర్డ్ మరచిపోతే ఆ జవాబులతోనే కొత్తది పెట్టుకోవచ్చు. కమాండ్‌తో పుట్టిన ఖాతాకు ఆ ప్రశ్నలు లేవు, కనీసం గుర్తుచేసే సూచన కూడా లేదు. నాలుగు తెరలు దాటడానికి బద్ధకించినందుకు మిగిలినదంతా ఇప్పుడు దాటాల్సి వస్తోంది.

మూడో రోజు

ఉదయం ఊహలకు కేటాయించాను. తప్పు పాస్‌వర్డ్‌లు ఎన్ని కొడితే ఖాతా తాళం పడుతుందో కూడా ‘నెట్ అకౌంట్స్’ చూపిస్తుంది. పాత ఇన్‌స్టలేషన్ కావడంతో నా కంప్యూటర్‌లో అటువంటి పరిమితి లేదు. ఈమధ్య కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 11లోనైతే పది తప్పులకు పది నిమిషాల తాళం మామూలుగానే ఉంటుంది, కాబట్టి ఎవరైనా ఊహించడానికి కూర్చునే ముందు ఈ అంకె చూసుకోవడం అవసరం. నేను తొందరలో పెట్టే పాస్‌వర్డ్‌లకు ఒక వరస ఉంటుంది: పాతదాని చివర ఒక అంకె, లేదా మొదటి అక్షరం పెద్దది, లేదా చివర ఒక ఆశ్చర్యార్థకం. ముప్పైకి పైగా కూర్పులు కాగితం మీద రాసుకొని ఒక్కొక్కటే కొట్టివేస్తూ ప్రయత్నించాను. ఏదీ కాదు.

మధ్యాహ్నం సేఫ్ మోడ్ వైపు, అంటే విండోస్ తప్పనిసరి భాగాలతో మాత్రమే లేచే పద్ధతి వైపు, వెళ్లాను. షిఫ్ట్ మీట పట్టుకొని రీస్టార్ట్ నొక్కితే నీలిరంగు తెర వస్తుంది. అక్కడ స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి 4 నొక్కితే సేఫ్ మోడ్. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్‌లో ఇదే రాజమార్గం. సేఫ్ మోడ్‌లోకి వెళ్తే అడ్మినిస్ట్రేటర్ ఖాతా కనబడేది, దానికి చాలా ఇళ్లలో పాస్‌వర్డే ఉండేది కాదు. విస్టాతో ఆ దారికి ఒక షరతు వచ్చింది. నిలిపివేసిన ఆ అంతర్గత ఖాతా సేఫ్ మోడ్‌లో మేల్కోవాలంటే, కంప్యూటర్ ఏ సంస్థ డొమైన్‌లోనూ (సంస్థ కేంద్రంగా నిర్వహించే కంప్యూటర్ల గుంపులోనూ) చేరి ఉండకూడదు, పనిచేస్తున్న మరో స్థానిక అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒక్కటి కూడా ఉండకూడదు. మొదటి షరతు నెరవేరింది. రెండోదాని దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే ఇంటిపెద్ద ఉన్నాడు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోయినా విండోస్ దృష్టిలో అతను నిక్షేపంగా పనిచేస్తున్న అడ్మినిస్ట్రేటరే. నేను గనక అతన్ని తయారుచేయకుండా, ఏ మతిలేని క్షణంలోనో ఉన్న అడ్మినిస్ట్రేటర్లందరినీ దించేసి ఉంటే, ఈపాటికి సేఫ్ మోడ్ నాకు తలుపు తీసి ఉండేది. ఊహించినట్టే సేఫ్ మోడ్ లాగిన్ తెరమీద నా ఖాతా, ఇంటిపెద్ద తప్ప మూడో పేరు లేదు.

అదే నీలిరంగు తెరలో కమాండ్ ప్రాంప్ట్ కూడా ఉంది. దాన్ని ఎంచుకుంటే ముందుగా ఏ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో వస్తారని అడిగి, ఇంటిపెద్ద పేరు చూపించి, పాస్‌వర్డ్ కోసం నిలబడింది. న్యాయమే.

నాలుగో రోజు

ఈ రోజు కంప్యూటర్‌ను ముట్టలేదు. మిగిలిన దారులను కాగితం మీద పెట్టుకొని తూకం వేశాను.

మొదటిది, విండోస్‌ను రీసెట్ చేయడం. ఫైళ్లు ఉంచి మిగిలినవి తీసేయమంటే నా పత్రాలూ ఫోటోలూ ఉంటాయి కానీ, విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ఆ ప్రోగ్రాములను మళ్లీ కూర్చుకోవడానికి వారం పడుతుంది. ఇది చివరి ఆయుధం.

రెండోది, లాగిన్ తెరమీద చూపు, వినికిడి ఇబ్బందులున్నవారికి సాయపడే సౌలభ్య ప్రోగ్రాము ఫైలును తీసేసి ఆ స్థానంలో కమాండ్ ప్రాంప్ట్‌ను కూర్చోబెట్టే పాత కిటుకు. దీన్ని చాలామంది గొప్పగా చెబుతారు కానీ నాకు మొదటినుంచీ నచ్చదు. సిస్టమ్ ఫైలును మార్చాలి, పని అయ్యాక మరచిపోకుండా వెనక్కి పెట్టాలి. మరచిపోతే ఇంట్లోకి వచ్చిన ఎవరైనా లాగిన్ చేయకుండానే సర్వహక్కులున్న కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకోవచ్చు. పైగా విండోస్‌తో వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండర్, ఇప్పుడు ఈ మార్పును హానికరమైన పనిగానే పట్టుకుంటుంది. తాళం పోయిందని తలుపునే పీకేసి అటక మీద పెట్టడంలాంటి వ్యవహారం ఇది.

మూడోది, విండోస్ నడవనప్పుడు ఖాతాల చిట్టాను నేరుగా సవరించడం. స్థానిక ఖాతాల వివరాలన్నీ సెక్యూరిటీ అకౌంట్స్ మేనేజర్, పొట్టిగా శామ్, అనే ఫైలులో ఉంటాయి; విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో ఇదొక భాగం. అది విండోస్ ఫోల్డర్‌లో, సిస్టమ్32లో, కాన్ఫిగ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. అందులో పాస్‌వర్డ్ ఉండదు. పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన 16 బైట్ల హ్యాష్, అంటే తిరిగి పాస్‌వర్డ్‌గా మార్చలేని ఒక గుర్తు, మాత్రమే ఉంటుంది, అదీ మళ్లీ గుప్తలిపిలో. విండోస్ నడుస్తున్నంతసేపూ ఆ ఫైలును తన గుప్పిట్లోనే ఉంచుకుంటుంది. కానీ కంప్యూటర్‌ను విండోస్‌తో కాక, పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో మొదలుపెడితే, అంటే బూట్ చేస్తే, అదే ఫైలు డిస్క్ మీద పడి ఉన్న ఒక మామూలు ఫైలు. దాన్ని సవరించడానికి పేటర్ నోర్డాల్ హాగెన్ అనే ప్రోగ్రామర్ 1997 నుంచి తయారుచేస్తూ వచ్చిన సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ అనే ఉచిత సాధనం ఉంది.

ఈ మూడో దారినే ఎంచుకున్నాను. అయితే ఆ సాధనంతో ఏం చేయాలన్నది మరో ప్రశ్న, నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే. అది రెండు పనులు చేయగలదు: ఇంటిపెద్ద పాస్‌వర్డ్‌ను ఖాళీ చేయగలదు, లేదా నా సామాన్య ఖాతాను అడ్మినిస్ట్రేటర్ గుంపులో చేర్చగలదు. ఎవరి పాస్‌వర్డ్‌నూ ముట్టుకోదు కాబట్టి రెండోది సున్నితమైన పనిలా కనబడుతుంది. కానీ గుంపుల సభ్యత్వం శామ్ ఫైలులో రెండు చోట్ల, ఖాతా వైపునా గుంపు వైపునా, నమోదై ఉంటుంది, రెండూ పొసగాలి. ఆ సాధనమే ఈ పని ఇంకా ప్రయోగదశలో ఉందని, కొన్నిసార్లు తరువాత విండోస్‌లో వింతలు కనబడవచ్చని హెచ్చరిస్తుంది. పాస్‌వర్డ్ ఖాళీ చేయడం అలా కాదు. కొత్త హ్యాష్ ఏదీ రాయనక్కరలేదు, ఉన్న హ్యాష్ పొడవును సున్నా చేస్తే చాలు. హ్యాష్‌ను గుప్తలిపిలో దాచే పద్ధతిని విండోస్ 10 మధ్యలో మార్చినా ఈ పని మాత్రం చెల్లుబాటు అవుతూ వచ్చిందంటే అందుకే.

పాస్‌వర్డ్ ఖాళీ చేయడంలో ఉన్న అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పాత పాస్‌వర్డ్ తెలిసి మార్చడం వేరు, తెలియకుండా బయటినుంచి తీసేయడం వేరు. బ్రౌజర్ దాచిపెట్టిన పాస్‌వర్డ్‌లకు, విండోస్ గుప్తలిపిలో పెట్టిన ఫైళ్లకు తాళంచెవులు ఆ ఖాతా పాస్‌వర్డ్‌తోనే ముడిపడి ఉంటాయి. తెలిసి మార్చినప్పుడు విండోస్ ఆ ముడిని విప్పి కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ వేస్తుంది. బయటినుంచి తీసేస్తే ముడి అలాగే ఉండిపోతుంది, విప్పే మార్గం ఉండదు. నా రోజువారీ ఖాతాకు ఇలా చేయాల్సి వస్తే వంద సార్లు ఆలోచించేవాణ్ణి. ఇంటిపెద్ద ఖాతాలో మాత్రం ఒక్క పత్రం లేదు, దాచిన పాస్‌వర్డ్ ఒక్కటీ లేదు. ఆ ఖాతా హక్కుల కోసం పుట్టిందే తప్ప వాడకానికి కాదు. పోవడానికి ఏమీ లేని ఖాతా పాస్‌వర్డ్‌ను ఖాళీ చేయడమే తక్కువ నష్టమని తేల్చుకున్నాను.

ఐదో రోజు

పెన్‌డ్రైవ్ తయారీ దగ్గరే మొదటి ఆటంకం. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటును డౌన్‌లోడ్ చేయడం వరకూ బాగానే జరిగింది. దాన్ని పెన్‌డ్రైవ్‌కు రాసే ప్రోగ్రాము మాత్రం తెరవగానే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. డిస్క్‌కు నేరుగా రాయాలంటే ఆ హక్కు కావాలి మరి. పోయిన హక్కును తెచ్చుకోవడానికి ఆ హక్కే కావాలన్నమాట. తమ్ముడి ల్యాప్‌టాప్ తెచ్చుకొని అరగంటలో ఆ పని ముగించాను.

బూట్ చేసే ముందు చూసుకోవలసింది బిట్‌లాకర్, అంటే డిస్క్‌ను గుప్తలిపిలో పెట్టే విండోస్ సదుపాయం. డిస్క్ మొత్తం బిట్‌లాకర్ గుప్తలిపిలో ఉంటే, 48 అంకెల రికవరీ కీ లేకుండా బయటినుంచి ఏ ఫైలూ కనబడదు, ఈ ప్రయత్నమంతా అక్కడితో ఆగిపోతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ బొమ్మ మీద తాళం గుర్తు లేదు. లినక్స్‌లోకి వెళ్లాక కూడా విండోస్ ఉన్న పార్టిషన్, అంటే డిస్క్‌లోని ఆ భాగం, విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అమరికలోనే కనబడింది. ఈ పనికి అది వీలుగా ఉన్నందుకు సంతోషించాను. అదే సంగతి పదిహేను నిమిషాల తరువాత వేరే విధంగా తట్టింది, దాని గురించి తరువాత రాస్తాను.

పార్టిషన్‌ను తెరవబోతే రెండో ఆటంకం. విండోస్ నిద్రాణ స్థితిలో ఉందని, చదవడానికి తప్ప రాయడానికి వీల్లేదని లినక్స్ చెప్పింది. ఇది ఫాస్ట్ స్టార్టప్ పుణ్యం. మనం షట్ డౌన్ నొక్కినప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు. తన అంతరంగాన్ని డిస్క్ మీద దాచి పడుకుంటుంది, అందుకే మరుసటిసారి అంత త్వరగా లేస్తుంది. ఆ స్థితిలో బయటివాళ్లు డిస్క్‌ను మారిస్తే, లేచిన విండోస్‌కు తన జ్ఞాపకానికీ డిస్క్‌కూ పొంతన కుదరదు, ఫైళ్లు పాడవుతాయి. ఆ నిద్రాణ ఫైలును బలవంతంగా తీసేసే మార్గం లినక్స్‌లో ఉంది; నేను వాడలేదు. విండోస్‌లోకి తిరిగి వెళ్లి, షట్ డౌన్‌కు బదులు రీస్టార్ట్ ఇచ్చి, తెర నల్లబడగానే బూట్ మెనూ పట్టుకొని పెన్‌డ్రైవ్‌లోకి దిగాను. ఫాస్ట్ స్టార్టప్ షట్ డౌన్‌కే వర్తిస్తుంది, రీస్టార్ట్ ఎప్పుడూ పూర్తి ఆపుదలే. ఈసారి పార్టిషన్ రాయడానికి కూడా తెరుచుకుంది.

మిగిలిన సాయంత్రమంతా బ్యాకప్. పత్రాలు, ఫోటోలు, నా ఖాతా ఫోల్డర్ మొత్తం ఒక బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. దానితో పాటు కాన్ఫిగ్ ఫోల్డర్‌ను, శామ్ ఫైలునూ దాని పక్కన ఉండే లాగ్ ఫైళ్లనూ (మార్పుల చిట్టాలనూ) కలిపి, విడిగా దాచాను. సవరణ బెడిసికొడితే ఆ ఫోల్డర్‌ను యథాస్థానంలో పెట్టడమే నా వాపసు ప్రణాళిక. ఆ కాపీ ముగిసేదాకా సవరణ సాధనం ఇన్‌స్టాల్ కూడా చేయకూడదని నియమం పెట్టుకున్నాను.

ఆరో రోజు

సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ ఉబుంటు భాండాగారంలోనే ఉంది, ఒక్క ఆదేశంతో వచ్చింది. కాన్ఫిగ్ ఫోల్డర్‌లో నిలబడి, శామ్ ఫైలు పేరు ఇచ్చి, ప్రశ్నోత్తరాల పద్ధతిలో నడపమన్నాను. ఖాతాల జాబితా వచ్చింది. ప్రతి ఖాతాకూ పదహారు మూల సంఖ్యామానంలో ఒక గుర్తింపు సంఖ్య ఉంది. 01ఎఫ్4 అంటే 500, అది ఏ విండోస్‌లోనైనా అంతర్గత అడ్మినిస్ట్రేటర్‌దే. పేరు మార్చినా ఆ సంఖ్య మారదు. 501 గెస్ట్, 503, 504 విండోస్ తన సొంత అవసరాలకు ఉంచుకున్నవి. మనుషుల ఖాతాలు 1000 నుంచి మొదలవుతాయి. నాది 1001, ఇంటిపెద్ద 1002. పక్కన అడ్మిన్ అన్న గుర్తు ఇంటిపెద్దకూ అంతర్గత ఖాతాకూ మాత్రమే ఉంది. రెండో రోజు వేసుకున్న లెక్కతో ఇది సరిగ్గా సరిపోవడం చూసి ధైర్యం వచ్చింది.

ఇంటిపెద్ద సంఖ్య ఇచ్చి, పాస్‌వర్డ్ ఖాళీ చేయమనే 1వ ఎంపిక ఇచ్చాను. పాస్‌వర్డ్ తీసేశానని వచ్చింది. బయటికి వచ్చే దారిలో అది ఇంకేదో అడిగితే ఎంటర్ నొక్కి, పార్టిషన్‌ను సక్రమంగా మూసి, విండోస్‌లోకి వెళ్లాను. ఇంటిపెద్ద మళ్లీ పాస్‌వర్డ్ అడిగాడు. ఖాళీగా ఇస్తే కుదరదన్నాడు.

అరగంటసేపు నాకు తోచని అనుమానం లేదు. లాగ్ ఫైళ్లలోంచి విండోస్ పాత స్థితిని వెనక్కి తెచ్చుకుందా అనుకున్నాను, సాధనం పాతబడిపోయిందా అనుకున్నాను. నా చేతికి వచ్చిన వెర్షన్ 2014 ఫిబ్రవరి నాటిది. చివరికి మళ్లీ లినక్స్‌లోకి వెళ్లి ప్రతి వరుసా చదువుతూ అదే పని చేశాను. బయటికి వచ్చేటప్పుడు అది అడిగే ప్రశ్న ఇది: మార్చిన ఫైలును డిస్క్‌కు రాయాలా? కాదు అన్నదే దానికి ముందుగా ఉన్న జవాబు. చదవకుండా ఎంటర్ నొక్కినవాడికి అది మర్యాదగా ఏమీ చేయకుండా తప్పుకుంటుంది. ‘అవును’ అలవాటు పోవాలని ఖాతాలు విడదీసినవాణ్ణి, ఇక్కడ అదే అలవాటుకు ‘కాదు’ రూపంలో దొరికిపోయాను. ఈసారి వై అక్షరం నొక్కాను, ఓకే అని వచ్చింది.

విండోస్ లేచింది. ఇంటిపెద్ద పేరు నొక్కితే పాస్‌వర్డ్ గడి లేదు, సైన్ ఇన్ అన్న మీట మాత్రమే ఉంది. నొక్కాను. లోపలికి వెళ్లాను.

ఏడో రోజు

నిన్న రాత్రి లోపలికి వెళ్లగానే చేసిన పని కొత్త పాస్‌వర్డ్ పెట్టడం. పాస్‌వర్డ్ లేని అడ్మినిస్ట్రేటర్‌ను రాత్రంతా అలా వదిలేయడం ఇష్టం లేకపోయింది. ముందు పుస్తకంలో రాసి, తరువాత పుస్తకం చూస్తూ టైపు చేశాను. తేదీ కూడా వేశాను.

ఈ రోజు మిగిలిన మరమ్మతులు. స్థానిక వాడుకరుల నిర్వహణ కిటికీలో ఇంటిపెద్ద పేరు మీద ‘పాస్‌వర్డ్‌కు గడువు లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాను. గడువు నియమం భద్రతకు మంచిదే కదా అని ఒక్క క్షణం సందేహించాను కానీ, గడువు పెడితే మనుషులు పాతదాని చివర ఒక అంకె తగిలిస్తారని అందరూ ఒప్పుకున్న విషయమే. మైక్రోసాఫ్ట్ కూడా 2019లో తన భద్రతా ప్రమాణాల జాబితా నుంచి ఆ నియమాన్ని తీసేసింది. మూడో రోజున నేను కాగితం మీద రాసుకున్న ముప్పై కూర్పులకంటే దీనికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. భద్రతా ప్రశ్నలు కూడా నమోదు చేశాను, జవాబులు మాత్రం నిజమైనవి కావు. తెలిసినవాళ్లు ఊహించగల జవాబు తాళంగా పనికిరాదు కాబట్టి అర్థంలేని పదాలు ఎంచుకొని వాటినీ పుస్తకంలో రాశాను. ఆ పైన ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పాస్‌వర్డ్ రీసెట్ డిస్క్ తయారుచేశాను. దీనిలో నాకు నచ్చిన గుణం, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఒకసారి తయారుచేసిన డిస్క్ పనిచేస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఐదో రోజున తట్టిన సంగతి. ఒక పెన్‌డ్రైవ్, ఒక సాయంత్రం చాలు, ఈ కంప్యూటర్‌లో ఏ ఖాతా పాస్‌వర్డ్‌నైనా ఖాళీ చేయవచ్చు. నేను చేయగలిగితే కంప్యూటర్‌ను ఎత్తుకుపోయినవాడూ చేయగలడు. అసలు వాడికి అంత శ్రమ కూడా అక్కర్లేదు, ఫోటోలూ పత్రాలూ లినక్స్‌లో నుంచి నేరుగా చదువుకుంటాడు. నేను రెండు నెలలుగా కాపాడుకుంటున్నాననుకున్న అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్, విండోస్ మేల్కొని ఉన్నప్పుడు అందులో నడిచే ప్రోగ్రాములకు మాత్రమే అడ్డు. డిస్క్ చేతిలో ఉన్నవాడికి అది అడ్డే కాదు. వాడికి అడ్డుపడేది డిస్క్ మొత్తాన్ని గుప్తలిపిలో పెట్టడం ఒక్కటే. అందుకని బిట్‌లాకర్ పెట్టాలని నిర్ణయించాను. దీనివల్ల నా సొంత పెరటిదారి కూడా మూసుకుపోతుందని తెలుసు. ఇకపై ఇంటిపెద్ద పాస్‌వర్డ్, ప్రశ్నలు, రీసెట్ డిస్క్ అన్నీ పోతే, రికవరీ కీ లేకుండా ఆరో రోజు పని మళ్లీ చేయలేను.

బిట్‌లాకర్ మొదలుపెట్టగానే ఆ 48 అంకెల కీని ఎక్కడ దాచాలని అడిగింది. అదే డిస్క్ మీద దాచనివ్వదు. ఫైలుగా బయటి డిస్క్‌లో పెట్టవచ్చు, లేదా కాగితం మీద ముద్రించవచ్చు. ముద్రించడానికి ప్రింటర్ కావాలి. ఆరు రోజులుగా పెట్టెలో ఉన్న ప్రింటర్‌ను తీసి, డ్రైవర్ ఇన్‌స్టాల్ చేశాను. తెర మసకబారింది, ఇంటిపెద్ద పాస్‌వర్డ్ అడిగింది, పుస్తకం చూసి ఇచ్చాను, ఒప్పుకుంది. ఆ ప్రింటర్ నుంచి వచ్చిన మొదటి పేజీ రికవరీ కీ. గుప్తలిపి పని రాత్రంతా సాగనిచ్చాను.

పదో రోజు

ముద్రించిన కాగితం నిజంగా పనిచేస్తుందో లేదో చూడకుండా దాన్ని దాచిపెట్టడం, మొదటి రోజున చూసిన నోటుపుస్తకం పేజీని మళ్లీ నమ్మడంలాంటిదే. అందుకని అదే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో మళ్లీ బూట్ చేశాను. ఈసారి విండోస్ పార్టిషన్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా కాక బిట్‌లాకర్‌గా కనబడింది, తెరవబోతే తాళంచెవి అడిగింది. కాన్ఫిగ్ ఫోల్డర్ కాదు కదా, ఒక్క ఫైలు పేరు కూడా కనబడలేదు.

కాగితం తీసి అంకెలు టైపు చేయడం మొదలుపెట్టాను. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడేలా తయారవుతుంది కాబట్టి, ఒక్క అంకె తప్పు పడితే ఆ గుంపు అక్కడికక్కడే లెక్క తప్పుతుంది. ముద్ర ఎక్కడైనా చెరిగిందా అన్న అనుమానంతో రెండు గుంపులను చేత్తో భాగించి చూశాను, శేషం సున్నా. ఎనిమిదో గుంపు పూర్తయ్యాక ఎంటర్ నొక్కితే పార్టిషన్ తెరుచుకుంది, నా ఫోటోల ఫోల్డర్ కనబడింది. ఏమీ మార్చకుండా మూసేసి, పెన్‌డ్రైవ్ తీసి, కాగితాన్నీ రీసెట్ డిస్క్‌నూ కంప్యూటర్ ఉన్న గదిలో కాక మరో గదిలో, ఒకే కవరులో పెట్టి అంటించాను. కవరు మీద తేదీ రాశాను. తమ్ముడి ల్యాప్‌టాప్ ఇంకా నా దగ్గరే ఉంది. రేపు తిరిగి ఇవ్వాలి.